విద్యాదాన ఫలము

గోదావరీ మండలము అన్నదానమునకు పేరుపొందిన సీమ. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ (1841–1909) ఆకలిగొని వచ్చినవారికి వేళాపాళా చూడక అన్నము పెట్టి, అపర అన్నపూర్ణ యని కీర్తి గడించెను. బాటసారులకై సత్రములు కట్టించినవారు, చెరువులు త్రవ్వించినవారు, వేసవిలో చలివేంద్రములు పెట్టించినవారు ఈ సీమలో ఊరూరను కలరు. ఇట్టి దానములకు ఒక సుగుణము కలదు. వాని ఫలము వెంటనే కంటికి కనబడును. ఆకలిగొన్నవాడు విస్తరి ముందు కూర్చుండి కడుపార భుజించి లేచును. దాత ఆ తృప్తిని చూచి తానును తృప్తి నొందును.

మరియొక విధమైన దానము కలదు. అది విద్యకును, పరిశోధనకును చేయు దానము. దాని ఫలము దాత జీవితకాలములో కనబడకపోవచ్చును. దాత యున్న ఊరిలో కనబడకపోవచ్చును. దాత తలచిన రూపమున అసలే కనబడకపోవచ్చును. అందుచేత అట్టి దానమునకు ముందుకు వచ్చువారు తక్కువ. కాని ప్రజల ఆరోగ్యమునకు అట్టి దానము ఎంత మేలు చేయగలదో తెలిసికొనుటకు దూరదేశముల కథలు వెదకనక్కరలేదు. కాకినాడలోని ఒక ధర్మసంస్థ చేసిన సహాయముతో ఒక యువకుడు అమెరికాకు పోయెను. పాతికేండ్లలోపుగా అతని పరిశోధనాలయమునుండి ఒక మందు వెలువడెను. ఆ మందు ఏ వ్యాధిపై పనిచేయునో, ఆ వ్యాధి ఈ గోదావరి సీమను తరతరములుగా పీడించినదే.

ఆ వ్యాధి బోదకాలు. దానినే ఫైలేరియా యందురు.

ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ప్రారంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కరవు కాటకములకు లోనైన డెల్టా కాలువలతో పచ్చబడి, వరికి నిలయమైనది. కాని నీరు సమృద్ధిగా నున్న పల్లపు భూములలో మురుగు పోవుటకు వాలు తక్కువ. ఇండ్ల చుట్టును, వీధుల వెంటను, తూములలోను మురుగునీరు నిలుచును. నిలిచిన మురుగు దోమలకు పుట్టినిల్లు. కావున ధాన్యలక్ష్మి కొలువుదీరిన ఊళ్లలోనే బోదకాలును కాపురముండెను.

ఈ వ్యాధి సోకినవానికి అప్పుడప్పుడు చలిజ్వరము వచ్చును. గజ్జలలో బిళ్ల కట్టును. కాలు ఎఱ్ఱబడి వాచును. జ్వరము తగ్గినపుడు వాపు కొంత తగ్గును. మరల జ్వరము వచ్చినపుడు హెచ్చును. ఇట్లు కొన్నేండ్లు జరిగిన పిమ్మట వాపు తగ్గుట మానివేయును. చర్మము దళసరియై, ముడుతలు పడి, కాలు ఏనుగు పాదమును తలపించును. బోదకాలు తొందరగా ప్రాణము తీయదు. బ్రతుకును మాత్రము బరువు చేయును. నాగలి పట్టువాడు సాలు వెంట నడువలేడు. వల విసరువాడు పడవ ఎక్కలేడు. ఊడ్పులకు పోవు స్త్రీ బురదలో కాలు మోపలేదు. రోగి ఇంటితో సంబంధము కలుపుకొనుటకు పొరుగువారు వెనుదీయుదురు. కారణము తెలియని కాలమున కొందరు దీనిని పూర్వజన్మ పాపమనిరి. కొందరు ఊరి నీటి దోషమనిరి.

నిజమైన కారణమును వెదకిన వారిలో పాట్రిక్ మాన్సన్ ముఖ్యుడు. స్కాట్లండు దేశీయుడైన ఈ వైద్యుడు చైనాలోని అమోయ్ రేవులో పనిచేయుచు, 1877లో ఈ వ్యాధి క్రిమి దోమ శరీరమున పెరుగునని కనుగొనెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఈ విషయమును పూర్తిచేసిరి. మన శరీరములో రక్తనాళములు కాక, వర్ణరహితమైన రసమును ప్రసరింపజేయు వేరు నాళములును కలవు. నూలుపోగువంటి ఫైలేరియా పురుగు ఆ రసనాళములలో చేరి కొన్నేండ్లపాటు జీవించును. అది పెట్టు లక్షలాది పిల్లపురుగులు కంటికి కనబడనంత చిన్నవి. అవి పగలు శరీరములోపలి భాగములందు దాగి, రాత్రి నడిజామున చర్మమునకు దగ్గరనున్న రక్తములోనికి వచ్చును. దోమలు కుట్టు వేళయు అదియే. రక్తముతోపాటు పిల్లపురుగులు దోమలోనికి పోయి, రెండు వారములలోపుగా పెరిగి, అదే దోమ మరియొకని కుట్టినపుడు అతని శరీరమున ప్రవేశించును. నాళములు చెడినచోట రసము నిలిచిపోయి కాలు వాచును.

కారణము తెలిసినది, కాని మందు తెలియలేదు. మాన్సన్ పరిశోధన జరిగిన తరువాత దాదాపు 70 సంవత్సరములవరకును ఈ పురుగును నమ్మకముగా అణచగల ఔషధము లోకమున లేకుండెను. ఏలన, పరిశోధన చాల వ్యయముతో కూడిన పని. పది మార్గములు త్రొక్కినచో తొమ్మిది మూసికొనిపోవును. ఆ తొమ్మిదింటికిని ఖర్చు తప్పదు. పైగా బోదకాలు బీదల వ్యాధి. బీదవాడు కొనలేని మందును వెదకుటకు వ్యాపారస్థుడు ముందుకు రాడు. పరాయిపాలనలోనున్న దేశములలో ప్రభుత్వము ప్రజారోగ్యమునకు వెచ్చించినది స్వల్పము. ఇట్టిచోట దాత అవసరము కలుగును.

ఈ సంగతిని గుర్తించి, 20వ శతాబ్ది ప్రారంభమున కొందరు సంపన్నులు ఆసియా ఖండమున వైద్యవిద్యకు భారీగా ధనమిచ్చిరి. అమెరికాలో చమురు వ్యాపారమున అపారధనము గడించిన రాక్‌ఫెల్లరు పేరిట ఏర్పడిన సంస్థ 1914లో చైనా మెడికల్ బోర్డును స్థాపించెను. ఆ బోర్డు నిర్మించిన పెకింగు వైద్యకళాశాలకు 1921లో ప్రారంభోత్సవము జరిగెను. 1951లో చైనా ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనగా, బోర్డు ఆసియాలోని ఇతర దేశముల వైద్యవిద్యకు సహాయము చేయసాగెను. 1980వ దశకమున మరల చైనాలోను పని ఆరంభించెను. మన దేశమున కలకత్తాలో 1932 డిసెంబరు 30వ తేదీన ప్రారంభమైన అఖిలభారత ఆరోగ్యశాస్త్ర సంస్థకు భవనములు, పరికరములు సమకూర్చినది రాక్‌ఫెల్లరు సంస్థయే. ఆ సంస్థను నడపు ఖర్చు మాత్రము ప్రభుత్వము భరించునట్లు ఏర్పాటు జరిగెను. ప్రజల ఆరోగ్యమును రక్షించు ఉద్యోగులకు శిక్షణ నిచ్చుట దాని ముఖ్యోద్దేశము. 1952లో పూనాలో ఏర్పడిన వైరస్ పరిశోధన కేంద్రమునకును ఈ సంస్థ తోడ్పడినది. ఆ కేంద్రమే నేటి జాతీయ వైరాలజీ సంస్థ.

ఇవి కోటీశ్వరుల దానములు. అంతటి ధనరాశి లేకున్నను, అదే ఆలోచన గోదావరీ ముఖద్వారమునను మొలకెత్తెను.

కాకినాడకు దక్షిణమున కోరంగి యను ప్రాచీనమైన రేవుపట్టణము కలదు. ఓడలు కట్టుటకును, ఓడలపై బ్రతుకుటకును పేరుపొందిన ఆ పట్టణమును 1839లో పెనుతుపాను నాశనము చేసెను. ఆ తీరమునుండి వేలాది తెలుగువారు బ్రతుకుతెరువు వెదకుకొనుచు బర్మాకు వలసపోయిరి. బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు కలుగుటకు కారణము ఇదియే. అట్లు పోయినవారిలో మల్లాడి సత్యలింగ నాయకరు ఒకరు. బీదకుటుంబమున జన్మించిన ఆయన రంగూను చేరి, కష్టించి పనిచేసి, నౌకావ్యాపారమున గొప్ప ధనము గడించెను. గడించిన ఆస్తిని ధర్మకార్యములకు వినియోగింపవలెనని ఆయన ఏర్పాటు చేసెను. ఆయన పేరిట కాకినాడలో నెలకొన్న ధర్మసంస్థ పేదలకు విద్యనొసగుటను ముఖ్యకార్యముగా చేపట్టినది. ఆయన పేరుగల విద్యాలయములు నేటికిని కాకినాడలో నడచుచున్నవి. సముద్రముపై ధనమార్జించిన ఆయన, సముద్రము దాటి చదువబోవు ఒక యువకునకు తన ధనము తోడ్పడునని ఊహించి యుండడు.

ఆ యువకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. సంతానము పెద్దది, సంపాదన చిన్నది. బాల్యమున సుబ్బారావునకు చదువుపై మనసు నిలువలేదు. 13 ఏండ్ల ప్రాయమున, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావచ్చునని తలచి, ఇల్లు విడిచి పారిపోయెను. తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. రాజమహేంద్రవరమునను, తరువాత మద్రాసునను చదివి, మూడవ ప్రయత్నమున గాని అతడు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేదు. ఆ తరువాత సన్యసించి రామకృష్ణ మఠమున చేరవలెనని కోరెను; తల్లి అంగీకరింపలేదు. సేవ చేయదలచినచో వైద్యుడవై సేవ చేయవచ్చునను ఆలోచన అప్పుడు కలిగినది.

సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. స్నేహితులును, అనపర్తివాస్తవ్యులైన మామగారును చదువునకు తోడ్పడిరి. అవి గాంధీజీ పిలుపు దేశమంతటను మార్మ్రోగుచున్న దినములు. సుబ్బారావు ఖద్దరు వస్త్రము ధరించి శస్త్రచికిత్సశాలకు పోయెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది నచ్చలేదు. పరీక్షలలో బాగుగా వ్రాసినను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు దారి మూసికొనిపోయెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతి నడపుచుండిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో ఆయన శరీరశాస్త్రము బోధింపసాగెను.

ఇంతలో ఆ కుటుంబముపై పిడుగు పడినది. సుబ్బారావు సోదరులిద్దరు కొద్దిదినముల వ్యవధిలో గ్రహణివ్యాధివలన మరణించిరి. పాశ్చాత్యులు స్ప్రూ అని పిలుచు ఈ వ్యాధి ఉష్ణదేశములలో హెచ్చు. తిన్న ఆహారము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, మనిషి ఎండిపోవును. ఆనాటి వైద్యులకు దీని కారణము తెలియదు. వైద్యము చదివినవాడై యుండియు తన తోబుట్టువులను రక్షించుకొనలేని సుబ్బారావునకు ఒక సంగతి స్పష్టమైనది. ఉన్న మందులను ఇచ్చుట చాలదు. లేని మందులను వెదకవలెను. ఉష్ణదేశముల వ్యాధులను గూర్చి ప్రత్యేకముగా బోధించు విద్యాలయము అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున కలదని తెలిసి, అచ్చటికి పోవలెనని నిశ్చయించుకొనెను.

నిశ్చయము కలిగినంతనే ఓడ కదలదు. ప్రయాణమునకు ధనము కావలెను. అప్పుడు సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయము చేయుటకు అంగీకరించినది. మామగారు మరికొంత సమకూర్చిరి. ధర్మసంస్థవారు ఆనాడు తీసికొనిన నిర్ణయము తేలికయైనది కాదు. ఆ ధనముతో పలువురు బాలురను కాకినాడలోనే చదివింపవచ్చును. కోరి వచ్చినవాడు మెట్రిక్యులేషను రెండుమారులు తప్పినవాడు. తక్కువ పట్టము పొందినవాడు. అతడు దూరదేశమున ఏమి సాధించునో చెప్పగలవారు లేరు. విద్యాదానములోని సాహసమంతయు ఇచ్చటనే యున్నది.

1920వ దశకపు తొలినాళ్లలో సుబ్బారావు బోస్టను నగరము చేరెను. భార్య శేషగిరి స్వదేశముననే యుండిపోయెను. అచ్చట బ్రతుకు సుకరము కాలేదు. అందిన ధనము ఖర్చులకు చాలలేదు. వైద్యపట్టము కలిగియు ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రివేళ నౌకరుగా పనిచేసి, రోగుల మలమూత్రపాత్రలు ఎత్తి, పగలు చదువు సాగించెను. ఉష్ణదేశ వైద్యమున డిప్లొమా పొంది, జీవరసాయనశాస్త్ర శాఖలో చేరెను. 1925లో సైరస్ ఫిస్కే యను ఆచార్యునితో కలిసి, రక్తమునను మూత్రమునను గల భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేరుతో అది ప్రపంచమంతటను ప్రయోగశాలలలో వాడుకలోనికి వచ్చినది. మన కండరములు కదలుటకు కావలసిన శక్తి ఎట్లు నిలువయుండునో వెల్లడించిన పరిశోధనలలోను ఆయనకు ముఖ్యభాగము కలదు. 1930లో ఆయన డాక్టరు పట్టము పొందెను.

హార్వర్డులో శాశ్వతమైన స్థానము లభింపకపోగా, 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్ అనుచోట లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరెను. త్వరలోనే అచ్చటి పరిశోధనలకెల్ల నాయకుడయ్యెను. 1945లో ఆయన బృందమువారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఆకుకూరలలోను, కాలేయములోను స్వల్పముగా లభించు ఈ పదార్థము రక్తము వృద్ధి యగుటకు అత్యవసరము. గ్రహణిరోగులకు కలుగు రక్తక్షీణతను ఇది పోగొట్టునని వెంటనే ఋజువైనది. తోబుట్టువులను పొట్టనబెట్టుకొనిన వ్యాధికి ఇరువది యేండ్ల తరువాత ఆయన పరిశోధనాలయముననే సమాధానము దొరకినది.

బోదకాలికి మందును అచ్చటనే దొరకినది. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ సముద్రద్వీపములలో పోరాడిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకెను. అంతవరకు బీదదేశముల బాధగా నున్నది సంపన్నదేశపు బాధ కాగా, పరిశోధనకు ధనమును తొందరయు కలిగినవి. లెడర్లీ శాస్త్రజ్ఞులు ఫైలేరియా జాతికి చెందిన పురుగులు సోకిన ఎలుకలపై ఎన్నో రసాయనములను ఒకదాని వెంట ఒకటిగా పరీక్షించిరి. రెడ్జినాల్డ్ హ్యూవిట్ మొదలగువారు ఈ పని నడపిరి. తుదకు డైఇథైల్ కార్బమజైన్ అను రసాయనము రక్తములోని పిల్లపురుగులను వేగముగా నశింపజేయునని తేలెను. 1947లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. అదే సంవత్సరమున ప్యూర్టో రికో ద్వీపమున రోగులకు ఇచ్చి చూచిన ఫలితములును వెలువడినవి. ఆ మందునకు హెట్రజాన్ అని వ్యాపారనామము పెట్టిరి. మన దేశమున దానిని డి.ఇ.సి. మాత్ర యందురు.

సుబ్బారావు ఆ మందు తన సీమకు వచ్చుట చూడలేదు. 1948 ఆగస్టు నెలలో, 53 ఏండ్ల ప్రాయమున, ఆయన అమెరికాలోనే మరణించెను. ఒకమారు విడిచిన స్వదేశమునకు మరల రానేలేదు. ఆ సంవత్సరముననే, ఆయన బృందము తయారుచేసిన మరియొక రసాయనముతో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు బాలలకు వచ్చు రక్తపు క్యాన్సరును తాత్కాలికముగా అణచగలిగెనని లోకమునకు తెలిసినది. ఆయన శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించెను.

మందు పుట్టినంతమాత్రమున రోగము పోదు. 1955లో భారత ప్రభుత్వము జాతీయ ఫైలేరియా నివారణ పథకమును ప్రారంభించెను. ఈ వ్యాధిని గూర్చి ఉద్యోగులకు శిక్షణ నిచ్చుటకును, పరిశోధన జరుపుటకును దేశమున ఏర్పడిన కేంద్రములలో ఒకటి రాజమహేంద్రవరమున నెలకొన్నది. పిల్లపురుగులు రాత్రివేళనే రక్తమున కనబడును గనుక, ఆరోగ్యశాఖవారు దీపములు పట్టుకొని, ఊరు మాటుమణిగిన తరువాత ఇంటింటికి పోవలసివచ్చెను. నిద్రించువారిని లేపి, వేలికొసను సూదితో గుచ్చి, గాజుపలకపై రక్తపుచుక్క తీసికొనిరి. నిద్రాభంగమునకు కొందరు విసుగుకొనిరి. రక్తము తీయనిచ్చుటకు కొందరు భయపడిరి. మాత్ర మ్రింగిన పిమ్మట, లోపల చచ్చిన పురుగులవలన జ్వరము, తలనొప్పి కలుగగా, మందే రోగము తెచ్చినదని మరికొందరు అనుకొనిరి. ఇట్టి చిక్కులవలన, ఊరందరికి మాత్రలిచ్చు పద్ధతిని తొలిరోజులలో విడిచిపెట్టి, రక్తమున క్రిములున్నవారికి మాత్రమే ఇచ్చుచు వచ్చిరి. బుద్ధిమంతులు కనుగొనిన మందు గ్రామస్థుని నోటిని చేరుటకు ఆరోగ్యవిద్య అవసరమని అప్పుడు స్పష్టమైనది.

చైనావారు మరియొక ఉపాయము పన్నిరి. ఇదే మందును వంటకు వాడు ఉప్పులో కలిపి ప్రజలచే తినిపించిరి. ఆ దేశమున ఫైలేరియా ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయెనని 2007లో ప్రకటింపబడినది.

మన దేశమున 2004నుండి వ్యాధిగల జిల్లాలలో ఊరందరికిని సంవత్సరమునకు ఒకమారు డి.ఇ.సి. మాత్రలిచ్చు పద్ధతిని మరల చేపట్టిరి. కొంతకాలమునకు దానితో ఆల్బెండజోల్ అను మాత్రను చేర్చిరి. 2018నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ అను మూడవ మందును చేర్చి ఇచ్చుచున్నారు. రెండేండ్లలోపు శిశువులకును, గర్భిణులకును, తీవ్రరోగపీడితులకును ఇది ఈయరాదు. రోగము లేనివాడు మందేల మ్రింగవలెనని పలువురు ప్రశ్నింతురు. కాలు వాచకున్నను రక్తమున క్రిములుండవచ్చును. అట్టివానినుండియే దోమ రోగమును కొనిపోవును. పెద్దపురుగు కొన్నేండ్లు జీవించును గనుక, అన్నేండ్లును అందరును మందు తీసికొనినచో, దోమకు కొనిపోవుటకు క్రిములు దొరకవు. గొలుసు తెగును. ఒకమారు పూర్తిగా ముదిరిన వాపును మాత్రలు పోగొట్టలేవు. కాలిని ప్రతిదినము సబ్బుతో కడిగి, తడి లేకుండ తుడిచి, గాయములు కాకుండ కాపాడుకొనుటయే అట్టివారికి మేలు. 2027వ సంవత్సరమునాటికి ఈ వ్యాధిని తొలగింపవలెనని భారత ప్రభుత్వము లక్ష్యముగా పెట్టుకొన్నది.

ఈ గాథలో ఒక విచిత్రమైన మలుపు కలదు. జపానుకు చెందిన ఏసాయ్ అను ఔషధసంస్థ, 2013నుండి ప్రపంచ ఆరోగ్యసంస్థ ద్వారా బీదదేశములకు డి.ఇ.సి. మాత్రలను ఉచితముగా ఇచ్చుచున్నది. ఆ మాత్రలు తయారగునది విశాఖపట్టణమున. కాకినాడనుండి సహాయము పొంది పోయిన తెలుగువాని పరిశోధనాలయమున వెలువడిన మందు, తెలుగు తీరముననే తయారై, దేశదేశములకు దానముగా పోవుచున్నది.

ఇందులో ఎవరి భాగమును హెచ్చుచేసి చెప్పరాదు. సత్యలింగ నాయకరు ధనమొకటే ఈ మందును సృష్టించెననుట సరికాదు. మామగారి తోడ్పాటు కలదు. హార్వర్డు నేర్పిన విద్య కలదు. ఔషధసంస్థ పెట్టిన పెట్టుబడి కలదు. రాత్రింబవలు శ్రమించిన సహాధ్యాయుల కృషి కలదు. అన్నిటికిని మించి సుబ్బారావు పట్టుదల కలదు. కాని ఓడ ఎక్కుటకు ధనము లేకున్నచో ఈ తక్కినవానిలో ఏదియు ఆయనకు అందెడిది కాదు. దాత చేయగలిగినది దారి తెరచుట. నడచుట విద్యార్థి వంతు. అట్లే, దాత ఇచ్చిన ధనముతో భవనము లేచును, ఒక పరిశోధన సాగును; కాని ఊరి మురుగు కాలువ తీయించుట పురపాలక సంఘము పని, మాత్రను ప్రతి ఇంటికి చేర్చుట ప్రభుత్వము పని. కలకత్తా సంస్థ విషయమున రాక్‌ఫెల్లరు దాతలు నడపు ఖర్చును ప్రభుత్వమునకు విడిచిపెట్టుటలోని ధర్మసూక్ష్మము ఇదియే. దానము ప్రభుత్వ బాధ్యతను మేలుకొలుపవలెను గాని, దానికి బదులు కాకూడదు.

గోదావరి సీమ ఈ మార్గమును విడువలేదు. 1958లో కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల ఏర్పడినపుడు, దానికి పునాది దాతల విరాళములే. తరువాత ప్రభుత్వము దానిని స్వీకరించి నడపుచున్నది. అచ్చట చదివిన వైద్యులు నేడు డెల్టా పల్లెలలోను, దూరదేశములలోను ఉన్నారు. వారిలో ఎవరు ఏ వ్యాధికి మందు కనుగొందురో నేడు చెప్పలేము. అట్లు చెప్పలేకపోవుట ఆ దానమునకు లోపము కాదు; దాని స్వభావము.

విద్యార్థులు ధనము దానము చేయలేరు. అయినను ఈ పనిలో వారికిని భాగము కలదు. ఆరోగ్యశాఖవారు మాత్రలతో ఇంటికి వచ్చిన దినమున, ఏమియు తినకుండ మందు మ్రింగరాదని పెద్దలకు చెప్పవచ్చును. మందిచ్చువారి ఎదుటనే మ్రింగవలెనని, మాత్రను గూటిలో పెట్టి మరచిపోరాదని నచ్చజెప్పవచ్చును. పెరటిలోని మురుగుగుంటను పూడ్చవచ్చును. మరుగుదొడ్డి గొట్టముపై దోమలు చొరకుండ గుడ్డ కట్టవచ్చును. రాత్రి దోమతెర దించుకొనవచ్చును. సత్యలింగ నాయకరు ధనమును, సుబ్బారావు జీవితమును వెచ్చించిన పనిలో మిగిలిన భాగము ఇంతియే. అది ఇంకను పూర్తి కాలేదు.